కాలేజీ సర్కిల్‌లో 31 సెకన్లు ఎలా పోయాయి

"సార్, మార్కెట్ సర్కిల్‌లో గ్రీన్ ఉత్తపుణ్యానికి పోతాంది. బండ్లే రాలేదు. గ్రీన్ అయిపోయినాక ఒక్కసారిగా వస్తాండాయి. మీరు వచ్చి చూడండి సార్."

ఏప్రిల్ రెండో వారం, సోమవారం సాయంత్రం ఆరున్నరకు ట్రాఫిక్ కానిస్టేబుల్ ఫోన్ చేసి చెప్పిన మాటలు ఇవి. జబ్బేమిటో అందులోనే ఉంది. అది నాకు అర్థం కావడానికి శనివారం దాకా పట్టింది. ఆ ఐదు రోజుల్లో నేనేం చేశానో, ఎక్కడ తప్పానో, చివరికి ఏం దొరికిందో వరుసగా రాస్తున్నాను. సిగ్నల్ టైమింగ్ పని చేసేవాళ్ళకు నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్ళకు ఒక సర్కిల్‌లో రెడ్ పడితే దాని వెనక ఎన్ని చేతులున్నాయో తెలుస్తుంది.

నేను పనిచేసేది రాయలసీమలోని ఒక నగరంలో. సిగ్నళ్ళ టైమింగ్ ప్లాన్లు వేయడం, అవి రోడ్డు మీద సరిగా నడుస్తున్నాయో లేదో చూడడం నా బాధ్యత. ఈ కేసు ఒకే రోడ్డు మీదున్న ఐదు సర్కిళ్ళది. ఊరి మధ్యలోని బస్టాండ్ సర్కిల్ నుంచి మొదలై ఆసుపత్రి సర్కిల్, కాలేజీ సర్కిల్, మార్కెట్ సర్కిల్ మీదుగా బైపాస్ సర్కిల్ దాకా 1,620 మీటర్లు. సాయంత్రం జనం ఊళ్ళోంచి శివార్లలోని ఇళ్ళకు వెళ్ళేది ఈ రోడ్డు మీదే.

ఐదు సర్కిళ్ళు ఒక మాట మీద నడవడం అంటే

ఒక్కో సర్కిల్‌లో రోడ్డు పక్కన ఒక ఇనుప పెట్టె ఉంటుంది. మేం క్యాబినెట్ అంటాం. అందులో కంట్రోలర్ ఉంటుంది. ఏ దారికి ఎన్ని సెకన్లు గ్రీన్, తర్వాత ఆంబర్ (పసుపు) ఎంత, అన్ని దారులకూ రెడ్ ఉండే ఆ రెండు సెకన్లు ఎప్పుడు, ఇదంతా చూసేది అదే. నాలుగు దారులూ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయాన్ని సైకిల్ అంటాం. మా కారిడార్‌లో, అంటే ఈ ఐదు సర్కిళ్ళ రోడ్డు మీద, సాయంత్రం ప్లాన్‌కు సైకిల్ 120 సెకన్లు.

ఈ 120 ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను తప్పు చేసింది దీంతోనే. 1958లో వెబ్‌స్టర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఇచ్చిన సూత్రాన్ని మేం ఇప్పటికీ వాడుతున్నాం. ఒక్కో దారికి గ్రీన్ వచ్చే వంతును ఫేజ్ అంటాం. ఫేజ్ మారిన ప్రతిసారీ బండ్లు కదలడానికీ ఆగడానికీ కొన్ని సెకన్లు వృథా అవుతాయి. ఒక సైకిల్‌లో అలా పోయే మొత్తాన్ని ఒకటిన్నర రెట్లు చేసి 5 కలపాలి. ప్రతి ఫేజ్‌లోనూ వచ్చే వాహనాలను ఆ దారి మోయగలిగే వాహనాలతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. ఆ నిష్పత్తులన్నీ కూడి, ఒకటిలోంచి తీసేసి, మిగిలినదానితో ముందు వచ్చిన అంకెను భాగించాలి. మా దగ్గర నాలుగు ఫేజ్‌లు, ఒక్కోదానికి 4 సెకన్ల చొప్పున 16 సెకన్లు వృథా. అంటే పైన 29. నిష్పత్తుల మొత్తం రద్దీ ఎక్కువున్న సర్కిల్‌లో 0.75. కింద 0.25. భాగిస్తే 116. దాన్ని 120 చేశాం.

ఐదు సర్కిళ్ళకూ సైకిల్ ఒకటే ఉండాలి. లేకపోతే వాటి మధ్య పొందిక కుదరదు. తర్వాతది ఆఫ్‌సెట్. బస్టాండ్ సర్కిల్‌లో గ్రీన్ పడిన ఎన్ని సెకన్లకు తర్వాతి సర్కిల్‌లో గ్రీన్ పడాలన్నదే ఆఫ్‌సెట్. బస్టాండ్ నుంచి ఆసుపత్రికి 420 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 50 సెకన్లు పడుతుంది. అక్కడి నుంచి కాలేజీకి 360 మీటర్లు, ఇంకో 43. కాలేజీ నుంచి మార్కెట్‌కు 540 మీటర్లు, ఇంకో 65. మార్కెట్ నుంచి బైపాస్‌కు 300 మీటర్లు, ఇంకో 36. బస్టాండ్‌లో గ్రీన్‌తో పాటు కదిలిన బండ్ల గుంపు ఆసుపత్రికి 50వ సెకనుకు, కాలేజీకి 94వ సెకనుకు, మార్కెట్‌కు 158కి, బైపాస్‌కు 194కి చేరుతుంది. 120 దాటినవాటిలోంచి 120 తీసేస్తే ఆఫ్‌సెట్లు: 0, 50, 94, 38, 74. జనం గ్రీన్ వేవ్ అనేది దీన్నే.

ఇదంతా నిలబడేది ఒక్క విషయం మీద. ఐదు కంట్రోలర్లకూ టైమ్ ఒకటే అయి ఉండాలి. మా కంట్రోలర్లు సైకిల్‌ను అర్ధరాత్రి 12 గంటల నుంచి లెక్కపెట్టుకుంటాయి. రోజుకు 86,400 సెకన్లు, 120తో సరిగ్గా పోతుంది. అంటే సరిసంఖ్య నిమిషం మొదలైన ప్రతిసారీ బస్టాండ్‌లో గ్రీన్ పడాలి. సాయంత్రం 6:00:00, 6:02:00, 6:04:00 ఇలా. కాలేజీలో 6:01:34కి పడాలి. కంట్రోలర్లు ఒకదాన్నొకటి చూసుకోవు, మాట్లాడుకోవు. ప్రతిదీ తన గడియారాన్ని నమ్ముకుని తన పని చేసుకుంటుంది. అందరి గడియారాలూ కలిస్తే రోడ్డు మీద గ్రీన్ వేవ్ కనిపిస్తుంది, అంతే.

ఆ గడియారాలను కలిపి ఉంచడానికే నెట్‌వర్క్. సర్కిళ్ళను తీగతో కలిపే ఆలోచన పాతదే. 1917లోనే అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఆరు కూడళ్ళను కలిపి ఒక్కచోటి నుంచి నడిపారు. 1963లో టొరంటోలో కంప్యూటర్ వచ్చింది. ఆ తర్వాత బ్రిటన్‌లో స్కూట్, సిడ్నీలో స్కాట్స్ అనే పద్ధతులు పుట్టాయి. రోడ్డులో పాతిన డిటెక్టర్లు బండ్లను లెక్కపెట్టి చెబితే, ఇవి సైకిల్‌నూ గ్రీన్‌నూ అప్పటికప్పుడు సర్దుతాయి. మన దేశంలో తిరువనంతపురంలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్‌వాళ్ళు మన రోడ్ల కోసం కోసికాస్ట్ అనే పద్ధతి తయారు చేశారు. మా కారిడార్‌లో ఉన్నది ఇంకా చిన్న ఏర్పాటు. కెమెరాలు చూసిన రద్దీని బట్టి కంట్రోల్ రూమ్ సర్వర్ ఏ దారికి ఎన్ని సెకన్లన్నది కొద్దిగా మారుస్తుంది. సైకిల్, ఆఫ్‌సెట్ మాత్రం టైమ్ టేబుల్ ప్లాన్ ప్రకారమే.

కంట్రోలర్‌కు టైమ్ రెండు దారుల్లో అందుతుంది. సిగ్నల్ స్తంభం మీదున్న జీపీఎస్ యాంటెనా ఉపగ్రహాల నుంచి అందుకునేది ఒకటి, సిమ్ కార్డు మోడెమ్ ద్వారా సర్వర్ నుంచి ఒకటి. రెండూ లేకపోతే కంట్రోలర్ లోపలి చిన్న గడియారం చిప్ మీద ఆధారపడుతుంది.

మొదటి మూడు రోజులు

ఫోన్ వచ్చిన సోమవారం రాత్రి కంట్రోల్ రూమ్‌లో తెర చూశాను. ఐదు సర్కిళ్ళూ పచ్చ చుక్కలతో కనిపిస్తున్నాయి. అన్నీ ఆన్‌లైన్. ఎలాంటి అలారమూ లేదు. మార్కెట్ సర్కిల్ కెమెరాలో మాత్రం బైపాస్ వైపు పెద్ద క్యూ. పెళ్ళిళ్ళ సీజన్, పైగా యార్డుకు సరుకు ఎక్కువగా వచ్చే రోజులు. రద్దీ పెరిగిందనుకున్నాను.

మంగళవారం సాయంత్రానికి పైనుంచి కూడా ఫోన్లు మొదలయ్యాయి. ఆ టెన్షన్‌లో అందరూ చేసేదే నేనూ చేశాను. సైకిల్‌ను 120 నుంచి 140 చేశాను. మెయిన్ రోడ్డు గ్రీన్ పెరుగుతుంది, క్యూ తీరుతుంది అనుకున్నాను. ఆఫ్‌సెట్లు మళ్ళీ లెక్కవేసి ప్లాన్ పంపాను. నాలుగు సర్కిళ్ళు తీసుకున్నాయి. కాలేజీ సర్కిల్ నుంచి "ప్లాన్ అందింది" అన్న జవాబు రాలేదు. సిమ్ నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందేమో, కాసేపట్లో వస్తుందిలే అని వదిలేశాను. ఈ కేసు మొత్తంలో నేను క్షమించుకోలేనిది ఆ ఒక్క నిమిషం. జవాబు రాని సర్కిల్ దగ్గరే అసలు తప్పుంది.

నాలుగు సర్కిళ్ళు 140లో, ఒకటి 120లో నడిస్తే ఏమవుతుందో బుధవారం సాయంత్రం ఊరంతా చూసింది. ప్రతి సైకిల్‌కూ 20 సెకన్ల తేడా జరుగుతూ పోయింది. ఒకసారి గుంపంతా సాఫీగా వెళ్ళిపోయేది, పది నిమిషాల తర్వాత అదే చోట ఆసుపత్రి సర్కిల్ దాకా క్యూ. కాలేజీ ముందు ఒక అంబులెన్స్ నిలబడిపోయింది. కానిస్టేబుల్ పరుగెత్తి బండ్లను పక్కకు జరిపించాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. గురువారం తెల్లవారగానే ప్లాన్ మళ్ళీ 120కి మార్చేసి, తెర ముందు కూర్చోవడం మానేసి రోడ్డు మీదికి వెళ్ళాను.

రోడ్డు మీద

సాయంత్రం ఐదున్నరకు మార్కెట్ సర్కిల్‌లో పుచ్చకాయల బండి పక్కన నిలబడ్డాను. కానిస్టేబుల్ నన్ను చూసి దగ్గరికొచ్చాడు. "చూడండి సార్, ఇప్పుడు గ్రీన్ పడతాది. ఎవరన్నా వస్తారేమో చూడండి."

గ్రీన్ పడింది. నిలబడి ఉన్న పదిపన్నెండు బండ్లు వెళ్ళిపోయాయి. తర్వాత రోడ్డు ఖాళీ. పక్క రోడ్డులో ఆటోలు, యార్డు ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి. ముప్ఫై సెకన్లు దాటాక దూరంగా కాలేజీ వైపు నుంచి గుంపు కనిపించింది. ముందు వరుసలు దాటాయి. అంతలో ఆంబర్, రెడ్. మిగతా గుంపంతా ఆగిపోయింది.

"ఇందుకే సార్ మేం మాన్యువల్‌లో పెట్టేది. ఖాళీ రోడ్డుకు గ్రీన్ ఇచ్చుకుంటా పక్కోళ్ళను నిలబెట్టల్ల అంటే ఎట్ల?"

అతని మాటలో తప్పేమీ లేదు. ఆ సర్కిల్‌లో నిలబడిన మనిషికి అదే న్యాయం. కానీ మాన్యువల్‌లో పెట్టి సిగ్నల్‌ను చేత్తో నడిపిన ప్రతిసారీ మార్కెట్ సర్కిల్ ప్లాన్‌లోంచి బయటికి వస్తుంది, దాని వెనకాల బైపాస్ కూడా తప్పుతుంది. అందుకే ఎక్కడ చూసినా అంతా గందరగోళంగా కనిపించింది. ఆ ఒక్కరోజు సాయంత్రం మాన్యువల్‌లో పెట్టొద్దని అడిగాను. గంటసేపు నా మాట మీద తిట్లు తిన్నాడు. ఆ గంట లేకపోతే ఈ కేసు తేలేది కాదు.

తర్వాత చేసింది చాలా చిన్న పని. ఫోన్‌లో సెకన్లతో సహా టైమ్ పెట్టుకుని, స్కూటర్ మీద ఒక్కో సర్కిల్‌కు వెళ్ళి, మెయిన్ రోడ్డు గ్రీన్ సరిగ్గా ఎన్ని గంటలకు పడుతోందో నోట్‌బుక్‌లో రాశాను. ఒక్కోచోట ఐదు సైకిళ్ళు. బస్టాండ్‌లో సరిసంఖ్య నిమిషానికి సరిగ్గా. ఆసుపత్రిలో 50వ సెకనుకు సరిగ్గా. మార్కెట్‌లో 38, బైపాస్‌లో 74. నాలుగూ సెకను తేడా లేకుండా ఉన్నాయి. కాలేజీలో 6:01:34కి పడాల్సిన గ్రీన్ 6:02:05కి పడింది. మళ్ళీ 6:04:05. మళ్ళీ 6:06:05. ప్రతిసారీ 31 సెకన్లు ఆలస్యం.

అక్కడే ఫుట్‌పాత్ అంచున కూర్చుని లెక్క వేశాను. బస్టాండ్‌లో సున్నాకు కదిలిన గుంపు కాలేజీకి 94కి చేరుతుంది. అక్కడ గ్రీన్ 125కి గానీ పడదు. అంటే గుంపంతా ఆగుతుంది. 125కి కదిలితే మార్కెట్‌కు చేరేది 190కి. మార్కెట్‌లో గ్రీన్ 158కి పడి 45 సెకన్లు ఉండి 203కి పోతుంది. మొదటి 32 సెకన్లు ఖాళీ. తర్వాతి 13 సెకన్లలో ముందువాళ్ళు దాటుతారు. మిగతావాళ్ళు 278 దాకా ఆగాలి. 278కి కదిలితే బైపాస్‌కు 314కి చేరతారు. సిగ్నళ్ళు సరిగా ఉంటే చేరాల్సింది 194కి. గడియారంలో తప్పు 31 సెకన్లు. ఆ గ్రీన్ అందనివాళ్ళు పోగొట్టుకున్నది 120 సెకన్లు, అంటే ఒక పూర్తి సైకిల్. నేను స్కూటర్ మీద గుంపు వెనకాల వెళ్ళి చూసుకుంటే బస్టాండ్ నుంచి బైపాస్‌కు 5 నిమిషాల 25 సెకన్లు పట్టింది. ఏప్రిల్ ఎండలో పిల్లను ముందు నిలబెట్టుకుని స్కూటీ మీద ఆగినవాళ్ళకు ఆ రెండు నిమిషాలు ఎంత పెద్దవో నా పక్కనే చూశాను.

తప్పు కాలేజీలో జరిగితే ఫిర్యాదు మార్కెట్ నుంచి వచ్చింది. కాలేజీలో ఆగినవాళ్ళకు అది మామూలు రెడ్‌లాగే అనిపిస్తుంది. ఖాళీ గ్రీన్ కనిపించేది దాని తర్వాతి సర్కిల్‌లో. కారిడార్‌లో ఫిర్యాదు వస్తే నేనిప్పుడు ముందుగా చూసేది దాని వెనక సర్కిల్‌నే.

శుక్రవారం సాయంత్రం మళ్ళీ కొలిచాను. 34 సెకన్లు. ఆఫ్‌సెట్ ఎవరైనా తప్పుగా ఎక్కించి ఉంటే తేడా రోజూ ఒకేలా ఉండాలి. ఇది పెరుగుతోంది. అంటే గడియారం రోజుకు సుమారు మూడు సెకన్లు వెనకబడుతోంది.

క్యాబినెట్ తలుపు తీస్తే

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు కాలేజీ సర్కిల్ క్యాబినెట్ తెరిచాం. కావాలనే ఆ ఎండలో వెళ్ళాం. తలుపు హ్యాండిల్‌ను కర్చీఫ్ చుట్టి పట్టుకోవాల్సి వచ్చింది. తెరవగానే వేడి ముఖానికి కొట్టింది, కాలిన దుమ్ము వాసనతో. బయట నీడలో 42 డిగ్రీలుంటే లోపల థర్మామీటర్ 63 చూపించింది. క్యాబినెట్ పడమర ముఖంగా ఉంది. పక్కనున్న వేప చెట్టును రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు.

కంట్రోలర్ తెర మీద టైమ్‌ను ఫోన్ టైమ్‌తో పోల్చాను. 36 సెకన్లు వెనక. కంట్రోలర్ తనంతట తాను రాసుకునే లాగ్ తెరిస్తే జీపీఎస్ సిగ్నల్ చివరిసారి అందింది అంతకుముందు వారం ఆదివారం పొద్దున. పైకి చూస్తే కారణం కనిపించింది. ఊరేగింపు కోసం సిగ్నల్ స్తంభానికి కట్టిన స్వాగత తోరణం తీసేశారు గానీ బైండింగ్ వైరు అలాగే ఉంది. దాన్ని బిగించినప్పుడు యాంటెనా కేబుల్‌ను కూడా కలిపి బిగించారు. కేబుల్ తొడుగు కోసుకుపోయి లోపలి తీగ నొక్కుకుపోయింది. కట్టినవాళ్ళకు అదేం కేబులో తెలిసే అవకాశమే లేదు. స్తంభం మీద బయటికి వేలాడే కేబుల్‌ను అలా వదిలింది మేమే.

జీపీఎస్ పోతే సర్వర్ టైమ్ ఇవ్వాలి కదా? లాగ్‌లో సర్వర్ చివరి సందేశం జనవరి మూడో వారంది. మూడు నెలలుగా ఈ సర్కిల్‌కు కంట్రోల్ రూమ్‌తో మాటల్లేవు. జనవరిలో మా బృందమే ఇక్కడ మోడెమ్ మార్చింది. మోడెమ్ నుంచి కంట్రోలర్‌కు వెళ్ళే కేబుల్ కనెక్టర్‌కు రెండు వైపులా చిన్న స్క్రూలుంటాయి. వాటిని బిగించలేదు. లారీలు వెళ్ళినప్పుడల్లా క్యాబినెట్ అదురుతుంది. ఆ అదురుకే కనెక్టర్ మెల్లగా ఊడి వచ్చేసింది. నేను వేలు పెట్టి తాకితే చేతిలోకి వచ్చింది.

మరి తెర మీద పచ్చ చుక్క? ఆ చుక్క వెలిగేది "ఉన్నావా?" అని సర్వర్ పంపిన పింగ్‌కు మోడెమ్ జవాబిస్తే. మోడెమ్ బాగానే ఉంది, జవాబిస్తూనే ఉంది. దాని వెనకున్న కంట్రోలర్ సంగతి ఎవరూ అడగలేదు. మూడు నెలలు ఆ పచ్చ చుక్కను రోజూ చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ మూడు నెలలూ రోడ్డు మీద ఏ తేడా తెలియలేదు, ఎందుకంటే జీపీఎస్ ఒక్కటే టైమ్‌ను నిలబెట్టింది. రెండు ఆధారాలున్నాయన్న ధైర్యంతో మేమున్నాం. ఒకటి జనవరిలోనే పోయింది.

ఎండకు గడియారం ఎందుకు నెమ్మదిస్తుంది

కంట్రోలర్ లోపలి గడియారం చిప్‌లో ఉండేది మన చేతి గడియారాల్లో ఉండే క్వార్ట్జ్ స్ఫటికమే. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకె రెండును పదిహేను సార్లు గుణిస్తే వచ్చేది, అందుకే దాన్ని సగం సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒక సెకను దొరుకుతుంది. ఈ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర బాగా నడిచేలా కోస్తారు. అంతకంటే వేడెక్కినా, చల్లబడినా నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదిస్తుందన్నది డిగ్రీల తేడా వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒక డిగ్రీ వర్గానికి పది లక్షల్లో 0.034 వంతు.

63 డిగ్రీలంటే 38 డిగ్రీల తేడా. దాని వర్గం 1,444. పది లక్షల్లో 49 వంతులు. రోజంతా ఆ వేడే ఉంటే రోజుకు 4.2 సెకన్లు పోతుంది. రాత్రి క్యాబినెట్ చల్లబడుతుంది కాబట్టి సగటు తగ్గుతుంది, చిప్ తయారీలోనే ఉండే చిన్న తేడా దానికి కలుస్తుంది. మేం కొలిచింది రోజుకు 2.8. లెక్కకు దగ్గరగానే ఉంది. చేతి గడియారం మన ఒంటి వెచ్చదనంలో ఉంటుంది కాబట్టి నెలకు కొన్ని సెకన్ల తేడాతో సరిపెట్టుకుంటుంది. అదే స్ఫటికాన్ని తీసుకెళ్ళి సీమ ఎండలో ఇనుప పెట్టెలో పెడితే పదకొండు రోజుల్లో ఒక కారిడార్‌ను చెడగొడుతుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలనిపిస్తోంది. పాతకాలం కంట్రోలర్లు చాలావరకు కరెంటు ఫ్రీక్వెన్సీని లెక్కపెట్టి టైమ్ చూసుకునేవి. 50 అలలు వస్తే ఒక సెకను. 2018 జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా యూరప్‌లో సెర్బియా, కొసోవో మధ్య తగాదా వల్ల గ్రిడ్‌లో కరెంటు తగ్గి ఫ్రీక్వెన్సీ సగటున 49.996కి దిగింది. అంత చిన్న తేడాకే అక్కడి ఓవెన్ల, అలారాల గడియారాలు దాదాపు ఆరు నిమిషాలు వెనకబడ్డాయి. మన దగ్గరైతే 1990ల్లో ఫ్రీక్వెన్సీ 49 కంటే కిందికి రావడం మామూలే. 49 దగ్గర గంటకు 72 సెకన్లు పోతుంది. అయినా ఒకే ఫీడర్ (కరెంటు లైను) మీదున్న సర్కిళ్ళు అన్నీ ఒకేలా వెనకబడతాయి, కాబట్టి వాటి మధ్య పొందిక చెడదు. కారిడార్‌కు కావాల్సింది అసలు టైమ్ కన్నా అందరికీ ఒకే టైమ్. క్వార్ట్జ్ ఎంతో కచ్చితమైనదే, కానీ ప్రతి పెట్టెలో దేని తప్పు దానిది. నీడలో ఉన్న ఆసుపత్రి క్యాబినెట్‌కూ ఎండలో ఉన్న కాలేజీ క్యాబినెట్‌కూ గడియారాలు ఒకేలా నడవవు.

సరిచేయడం

36 సెకన్లు ఒక్కసారిగా ముందుకు నెట్టకూడదు. అలా చేస్తే ఎవరిదో గ్రీన్ మధ్యలో తెగిపోతుంది. రోడ్డు దాటుతున్న ముసలాయన సగంలో ఉండగా రెడ్ పడుతుంది. కంట్రోలర్‌లో దీనికో పద్ధతి ఉంది. ఒక్కో సైకిల్‌ను కొద్దిగా కుదిస్తూ టైమ్‌ను అందుకుంటుంది. మధ్యాహ్నం ప్లాన్ సైకిల్ 90 సెకన్లు. పదో వంతు, అంటే 9 సెకన్లు కుదిస్తే నాలుగు సైకిళ్ళలో 36 సర్దుకుంటాయి. కానీ కనీస గ్రీన్‌ను ముట్టుకోకూడదు. ఆ రోడ్డు వెడల్పు 18 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్ల నడకకు 15 సెకన్లు కావాలి. నెమ్మదిగా నడిచేవాళ్ళకు ఇంకా ఎక్కువ. అందుకే కుదించేది మెయిన్ రోడ్డు గ్రీన్‌లోంచే తీసుకునేలా పెట్టాం. కేబుల్ కొత్తది వేసి, జీపీఎస్ దొరికాక, ఐదున్నర నిమిషాల్లో కాలేజీ సర్కిల్ మిగతా నాలుగింటితో కలిసింది. రోడ్డు మీద ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆ సాయంత్రం బస్టాండ్ నుంచి గుంపు వెనకాలే స్కూటర్ మీద వెళ్ళాను. నాలుగు సర్కిళ్ళలోనూ గ్రీన్. బైపాస్‌కు 3 నిమిషాల 25 సెకన్లు. మార్కెట్ సర్కిల్ దాటుతున్నప్పుడు కానిస్టేబుల్ చెయ్యి ఊపాడు. అతను మాన్యువల్ స్విచ్ దగ్గర లేడు, చెట్టు కింద ఉన్నాడు.

ఇకపోతే, తర్వాతి వారాల్లో మార్చినవి. అన్నింటికన్నా ముఖ్యమైనది, సర్వర్ ఇప్పుడు మోడెమ్‌ను కాకుండా కంట్రోలర్‌నే అడుగుతుంది, "నీ టైమ్ ఎంత?" అని. పదిహేను నిమిషాలకోసారి. తెర మీద పచ్చ చుక్క పక్కన "గడియారం తేడా" అనే గడి పెట్టించాం. రెండు సెకన్లు దాటితే చుక్క పసుపు అవుతుంది. ఐదు దాటితే ఎర్రగా మారి నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. జీపీఎస్ పోతే అది విడిగా తెలుస్తుంది, సర్వర్ లింకు పోతే అది విడిగా. రెండింట్లో ఏది పోయినా అదే రోజు మనిషి వెళ్ళాలి, రెండోది ఉందిగా అని ఆగకూడదు. ప్లాన్ పంపితే అన్ని సర్కిళ్ళ నుంచీ జవాబు వస్తేనే అమల్లోకి వస్తుంది. ఒక్కటి జవాబివ్వకపోయినా పాత ప్లానే నడుస్తుంది. బుధవారం జరిగినది మళ్ళీ జరగకుండా ఉండాలంటే ఇది తప్పనిసరి.

యాంటెనా కేబుళ్ళను స్తంభం లోపలి నుంచి తీశాం. ఎండలో ఉన్న మూడు క్యాబినెట్లకు పైన రేకు గొడుగు వేశాం, గాలాడేలా జాగా వదిలి. కొత్తగా కొనే కంట్రోలర్లకు ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సర్దుకునే గడియారం చిప్ ఉండాలని రాశాం. అలాంటివి పది లక్షల్లో 3.5 వంతులకు మించి తప్పవు, అంటే రోజుకు 0.3 సెకన్లు. పది రోజులు నెట్‌వర్క్ లేకపోయినా మూడు సెకన్లే.

లాగ్‌లు తిరగేస్తుంటే మోడెమ్‌లకు కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉందని కూడా బయటపడింది. 2014లో మిచిగన్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి అధికారుల అనుమతితో దాదాపు వంద సిగ్నళ్ళున్న నెట్‌వర్క్‌ను పరిశీలిస్తే సరిగ్గా ఇలాంటివే దొరికాయి. రేడియో లింకుకు రహస్య సంకేతం లేదు, పాస్‌వర్డ్‌లు మార్చలేదు. లోపలికి దూరినవాడు కూడా ఎదురెదురు దారులకు ఒకేసారి గ్రీన్ పెట్టలేడు. ప్రతి క్యాబినెట్‌లోనూ కాన్‌ఫ్లిక్ట్ మానిటర్ అనే విడి పరికరం బల్బులకు వెళ్ళే కరెంటును చూస్తూ ఉంటుంది, తేడా వస్తే వెంటనే ఆంబర్ మిణుకుల్లోకి నెట్టేస్తుంది. దాన్ని నెట్‌వర్క్ మీద నుంచి ఆపలేరు. అయినా టైమింగ్ చెడగొట్టడానికి ఆ పాస్‌వర్డ్ చాలు. అన్నీ మార్చాం.

కానిస్టేబుళ్ళతో ఒక పూట కూర్చున్నాం. మాన్యువల్ వద్దని చెప్పడానికి కాదు. వీఐపీ వచ్చినా, ఊరేగింపు వచ్చినా వాళ్ళకు అది కావాలి. మాన్యువల్‌లోంచి తీసేశాక సిగ్నల్ తిరిగి ప్లాన్‌లో కలవడానికి ఐదారు నిమిషాలు పడుతుందని, ఆ కాసేపు మళ్ళీ ముట్టుకోకూడదని వివరించాం. వాళ్ళ నుంచి మేం అడిగింది ఒకటే. ఖాళీ రోడ్డుకు గ్రీన్ పడుతుంటే స్విచ్ ముట్టుకునే ముందు ఫోన్ చేయండి, ఎన్ని సెకన్లు ఖాళీగా ఉందో చెప్పండి అని.

మరుసటి ఏడాది మే నెలలో ఒక ఉదయం పదకొండుకు ఆసుపత్రి సర్కిల్ చుక్క పసుపు అయింది. గడియారం తేడా 2.1. జీపీఎస్ గడిలో ముందురోజు మధ్యాహ్నం నుంచి ఖాళీ. ముందురోజు మనిషి వెళ్ళాల్సింది, సెలవు దినం కావడంతో వెళ్ళలేదు. సర్వర్ లింకు కూడా అప్పటి నుంచే గాలివానకు పోయి, ఆ ఉదయమే తిరిగి వచ్చింది. మావాడు వెళ్ళి చూస్తే యాంటెనా కనెక్టర్‌లో తుప్పు పట్టింది. కోసి కొత్తది వేశాడు. నాలుగు గంటలకల్లా తేడా గడిలో 0.0 వచ్చింది. సాయంత్రం ప్లాన్ మొదలయ్యేది ఐదింటికి.